ముద్దుకృష్ణ నిద్ర పరీక్ష

"నోరు వాసన చూసినారయ్యా! తాగినావో లేదో అని వంగి మరీ నీ నోరు వాసన చూసినారు! నువ్వు చూడలేదు, నిద్రపోతాండావు గదా. చూసింది నేను!"

కుప్పం నుంచి తిరిగొచ్చిన మూడు రోజుల్లో ఇందిరమ్మ ఈ మాట అనడం ఇది పదోసారో, పదకొండోసారో. ముద్దుకృష్ణ పీట మీద కూర్చుని పళ్ళెంలో సంగటి ముద్దను చూస్తున్నాడు. చెయ్యి పెట్టలేదు.

ఏం తింటాడు పాపం. ఆదివారం పగలు పదకొండు గంటలకు, కూతురు నవనీత పెళ్ళిమాట ఖాయం చేసుకుందామని కుప్పంలో పెళ్ళికొడుకు భరత్ ఇంట అందరూ కూర్చుంటే, ఒళ్ళో వక్కాకు పళ్ళెం పెట్టుకుని ముప్పైమంది ముందర ఈ పెద్దమనిషి నిద్రపోయాడు. నిద్రపోయి ఊరుకున్నా బాగుండేది. గురక పెట్టాడు. పళ్ళెం జారింది. టెంకాయ దొర్లుకుంటూ పోయి పెళ్ళికొడుకు తల్లి కమలాక్షి కాళ్ళ దగ్గర ఆగింది. అప్పుడు కమలాక్షి అన్న, మీసాలాయన, లేచొచ్చి వంగి ముద్దుకృష్ణ నోటి దగ్గర ముక్కు పెట్టాడు.

ఆ వంగిన వీపు ఇందిరమ్మ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"నేను తాగనని నీకు తెలుసు గదా ఇందిరా."

"నాకు తెలిస్తే ఏం లాభం? కుప్పానికి తెలియాల. మన ఎరువుల అంగట్లో కూర్చున్నా అదే పని. చౌడేపల్లె రైతులు వచ్చి బల్ల మీద తట్టి నిన్ను లేపి పురుగుమందు అడుగుతాండారంట. నవ్వుకుంటాండారు!"

"నేను కావాలని నిద్రపోతానా? కండ్లు ఎప్పుడు మూతబడతాయో నాకే తెలీదు. రాత్రంతా పండుకొనే ఉంటాను గదా, అయినా యాల ఇట్లయితాదో!"

"పండుకొని ఏం చేస్తావో ఈ వీధినంతా అడుగు, చెప్తారు. నీ గురకకు నాకు కంటిమీద కునుకుండదు. ఇరవైయేడేండ్లుగా నేను నిద్రనేది ఎరుగను!"

ముద్దుకృష్ణ పళ్ళెం పక్కకు జరిపి లేచాడు. ఆయనకు కోపం రాదు. వచ్చినా బాగుండేదని ఇందిరమ్మకు అనిపించింది. తలొంచుకుని నిలబడిన మొగుణ్ణి చూస్తే ఆమెకు ఇంకా సిగ్గేసింది, ఆ సిగ్గు మళ్ళీ కోపమై నోటికొచ్చింది.

అంతలో ఫోను మోగింది. వి.కోట మునిస్వామి. సంబంధం కుదిర్చిన మనిషి.

"అక్కా, కమలాక్షమ్మ ఒకటే అంటాది. తాగే అలవాటుంటే ఉందని చెప్పమంటాది, జబ్బయితే జబ్బని చెప్పమంటాది. ఏ సంగతీ తెలియకుండా వియ్యమెట్ల కలుపుకునేది అని అడుగుతాది. శుక్రవారం దాకా చూస్తారంట."

"తాగుడూ లేదు, జబ్బూ లేదు మునిస్వామీ! ఆ పొద్దు ప్రయాణం బడలిక, అంతే!"

"నాకు చెప్తే ఏమొస్తాదక్కా," అని మునిస్వామి పెట్టేశాడు.

సాయంత్రం నవనీత అంగళ్ళు అనే ఊరి నుంచి వచ్చింది. అక్కడ ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది ఆ పిల్ల. భుజాన పుస్తకాల సంచి, చేతిలో చిన్న నల్లపెట్టె. సోమవారమే తండ్రిని లాక్కుని పోయి మదనపల్లెలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించింది. ఆవిడ ముద్దుకృష్ణ మెడ టేపుతో కొలిచి, గొంతులో టార్చి వేసి చూసి, ఒక రాత్రి పరీక్ష చేయాలంది. ఆసుపత్రిలో పడుకోనక్కరలేదు, మిషను ఇంటికే ఇస్తాం, మీ మంచం మీదే పడుకోండి అంది. ఆ మిషనే ఇది.

"ఇది ఛాతీకి కట్టుకునే బెల్టు నాయనా. ఈ సన్న గొట్టం ముక్కు కింద. ఇది వేలికి. ఊపిరి ఎట్ల వస్తాంది, ఎన్నిసార్లు ఆగుతాంది, రక్తంలో ఆక్సిజన్ ఎంత పడిపోతాంది, రాత్రంతా ఇదే రాసుకుంటాది. పొద్దున తీసకపోయి ఇచ్చేస్తే చాలు."

"ఊపిరి ఆగడమేంది పాపా?" ఇందిరమ్మ అడిగింది.

"అదేమ్మా జబ్బు. ఉంటే తెలిసిపోతాది, లేకుంటే లేదని తెలిసిపోతాది. నేను భరత్‌తో చెప్పినాను. శుక్రవారం వాళ్ళమ్మను తీసుకొని క్లినిక్కుకే వస్తానన్నాడు. ఆమె ముందరే డాక్టరు రిపోర్టు చదవనీ. మన నోటితో చెప్తే నమ్మరు గదా."

ఇందిరమ్మ ఆ నల్లపెట్టె వైపు చూసింది. కుప్పం ఆమె ముందర, డాక్టరు నోటితో, ఈయనకు ఊపిరి ఆగే జబ్బుందని చెప్పించడమా! తాగుబోతన్న పేరైనా నాలుగు రోజులు పోతే మాసిపోతుంది. జబ్బన్న పేరు పోతుందా? ఇందిరమ్మ పుట్టింట్లో ఒక చిన్నాన్నకు మూర్ఛ ఉండేది. ఆ ఒక్క మాటకు ఆయన ఇద్దరు కూతుళ్ళకూ ఎన్ని సంబంధాలు గడప దాకా వచ్చి వెనక్కి పోయాయో ఆమె కళ్ళారా చూసింది. నవనీతకు ఆ గతి పట్టకూడదు. భరత్ పేరు చెబితే చాలు, పిల్ల ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు ఆరిపోతే ఇందిరమ్మ తట్టుకోలేదు.

రాత్రి నవనీతే తండ్రికి బెల్టు కట్టింది, గొట్టం సర్దింది, వేలికి క్లిప్పు పెట్టింది. పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. "కదిలినా ఏం కాదు నాయనా, ఎప్పట్లాగా పండుకో," అని మిద్దె మీది గదికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల అడుగుల చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టి ఇందిరమ్మ తలుపు గడియ పెట్టింది.

"విప్పు."

"ఏంది?"

"బెల్టు విప్పమంటాండా. నేను కట్టుకుంటాను."

ముద్దుకృష్ణకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మంచం మీద లేచి కూర్చున్నాడు.

"తప్పు గాదా ఇందిరా? పరీక్ష నాకు గదా!"

"నీ గురక పోయి ఆ పెట్టెలో పడితే పిల్ల పెండ్లి అయినట్టే! నేనయితే నిద్ర ఉండీ లేనట్టు పండుకుంటా. గురకా లేదు, గాడిదగుడ్డూ లేదు. రిపోర్టు శుభ్రంగా వస్తాది. చూసినారా, మాయాయనకు ఏ జబ్బూ లేదు, ఆ పొద్దు బడలికతో కన్నంటుకునింది అని చెప్పుకోవచ్చు."

"డాక్టరమ్మను మోసం చేసినట్టు గాదా?"

"ముప్పైమంది ముందర నువ్వు చేసింది ఏంది మరి?"

ఈ మూడు రోజులుగా ఆయన్ని ఎక్కడ పొడిస్తే కూలబడతాడో ఇందిరమ్మకు బాగా తెలిసిపోయింది. ముద్దుకృష్ణ చేతులు పైకెత్తి బెల్టు విప్పించుకున్నాడు.

"వసారాలో పండుకో పో. నీ చప్పుడు దీనికి వినిపిస్తే మళ్ళీ అదొకటి."

ఆమె బెల్టు బిగించుకుంది, గొట్టం పెట్టుకుంది. కదలకుండా పడుకోవచ్చని రోజూ వేసుకునే నిద్రమాత్ర సగం ముక్క వేసుకుంది. రెండేళ్ళ నుంచీ మెడికల్ షాపు పిల్లోడు చీటీ లేకుండా ఇస్తున్నాడులెండి. దానికి ఏ డాక్టరూ అక్కరలేదు.

ఏ వేళప్పుడో ఎవరో భుజం తట్టి కుదిపారు. కళ్ళు తెరిస్తే ముద్దుకృష్ణ, చీకట్లో, ముఖం దగ్గరగా పెట్టి.

"ఇందిరా... ఇందిరా..."

"యాల వచ్చినావు? మిషను కదిలిపోతాది, పో అవతలికి!" అని కసిరి ఆమె పక్కకు తిరిగింది. ఆయన పోయాడో లేదో కూడా చూడలేదు.

తెల్లారి లేస్తే ఎప్పటిలాగే కణతలు పగిలిపోతున్నంత తలనొప్పి. బీపీ గదా అనుకుని, నవనీత దిగేలోపు మిషను మొగుడికి తగిలించింది.

"బాగా నిద్ర పట్టిందా నాయనా?"

"ఆ," అన్నాడు ముద్దుకృష్ణ. కూతురి ముఖం చూడలేదు. భార్య వైపు మాత్రం ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏముందో ఇందిరమ్మకు అంతుపట్టలేదు. నిష్టూరమేమోలే అనుకుని కాఫీ కలపడానికి పోయింది.

శుక్రవారం మదనపల్లె. బస్టాండు వెనక సందులో మేడమీద క్లినిక్కు. డాక్టరు స్వర్ణలత గదిలో అయిదు కుర్చీలు వేయించారు. ఒకవైపు భరత్, వాళ్ళమ్మ కమలాక్షి. ఇంకోవైపు ముద్దుకృష్ణ, ఇందిరమ్మ, నవనీత.

ఇందిరమ్మ ఆ రోజు పట్టుచీర కట్టుకుంది. తల ఎత్తుకునే కూర్చుంది. కమలాక్షిని చూసి, "బస్సులో ఇబ్బంది కాలేదు గదా వదినా?" అని అడిగింది కూడా. కమలాక్షి "లేదు" అని ఊరుకుంది.

స్వర్ణలత కాగితం తిప్పింది.

"ముద్దుకృష్ణగారూ, అనుకున్నట్టే వచ్చింది. అనుకున్నదానికంటే ఎక్కువే. గంటకు ముప్పైయెనిమిది సార్లు మీ ఊపిరికి అడ్డు పడుతోంది. అయిదు లోపల ఉంటే మామూలు. ముప్పై దాటితే తీవ్రం. ఆక్సిజన్ ఒక దశలో డెబ్బైరెండుకు పడిపోయింది."

ఇందిరమ్మకు మొదట ఆ మాటలు ఎవరినో అన్నట్టే వినిపించాయి. తర్వాత అర్థమైంది. ముద్దుకృష్ణ ఊపిరి కాదది. ఆ రాత్రి ఆ గొట్టంలోంచి పోయింది ఎవరి ఊపిరో ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

తను గురక పెడుతుందా! ఆడదై ఉండి! పది మంది ముందర పైట జారిపోయినట్టు ఆమె గబుక్కున కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఇది ఏం జబ్బు డాక్టరమ్మా? తాగితే వస్తాదా?" కమలాక్షి ముందుకు వంగి అడిగింది.

"తాగనివాళ్ళకూ వస్తుందమ్మా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. లేచినట్టు మనిషికి గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. అందుకే పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కూడా నిద్రపోతారు. అది సోమరితనమూ కాదు, తాగుడూ కాదు."

"బాగవుతాదా?"

"ఎందుకు కాదు! ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపించే మిషను ఉంది. రాత్రి అది పెట్టుకుని పడుకుంటే గాలి దారి మూసుకోదు. బరువు తగ్గాలి, వెల్లకిలా పడుకోకూడదు. మా దగ్గర వారానికి నలుగురైదుగురు ఇలాంటివాళ్ళే వస్తారు."

కమలాక్షి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లేచి రెండు అడుగులు వేసి ముద్దుకృష్ణ ముందర చేతులు జోడించింది.

"అన్నా, మాయన్న నిన్ను అవమానం చేసినాడు. ఆ పాపం మాది. మనసులో పెట్టుకోవద్దు."

భరత్ నవనీతను చూసి నవ్వాడు. నవనీత కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు. ఇంకేం కావాలి చెప్పండి? ఇందిరమ్మ ఏ రిపోర్టుకు భయపడి అంత పని చేసిందో, ఆ రిపోర్టే పెళ్ళిని నిలబెట్టింది. జబ్బని తెలిస్తే పారిపోతారనుకున్నవాళ్ళు, జబ్బని తెలిసినందుకే చేతులు జోడిస్తున్నారు. ఆయన్నే పడుకోనిచ్చి ఉంటే నిజం నిజంగానే బయటపడేది. అనవసరంగా అబద్ధమాడానని ఇందిరమ్మకు తెలిసొచ్చింది. నోరు మూసుకుంటే చాలు, అంతా సర్దుకుంటుంది. మూసుకుంటాననే అనుకుంది.

స్వర్ణలత కలం తీసింది.

"కొన్ని ప్రశ్నలు అడగాలి. పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా?"

ముద్దుకృష్ణ తల దించుకున్నాడు.

"రాత్రి మధ్యలో రెండు మూడుసార్లు బాత్‌రూముకు లేస్తారా? బీపీ ఉందా?"

"బీపీ అమ్మకుండాది, నాయనకు లేదు," అంది నవనీత.

ఇందిరమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూపు తిప్పుకుంది. ఒక్కొక్క ప్రశ్నా వచ్చి ఆమె మీదే పడుతోంది.

"నిద్రమాత్రలు ఏమైనా వాడుతున్నారా? ఇది ముఖ్యం. ఊపిరి ఆగినప్పుడు లేపేది మెదడే గదా. మాత్ర వేసుకుంటే ఆ మెదడునూ పడుకోబెట్టినట్టే. ఇంత తీవ్రంగా ఉన్నవాళ్ళకు అది ప్రమాదం."

ముద్దుకృష్ణ తల ఎత్తాడు.

ఇందిరమ్మకు ఆ ఎత్తిన తల చూడగానే చెప్పేస్తాడని తెలిసిపోయింది. బల్ల కింద కాలు చాచి ఆయన పాదం మీద గట్టిగా తొక్కింది.

"నా కాలు తొక్కద్దు ఇందిరా," అన్నాడాయన పైకే. "తొక్కినా చెప్తాను."

గదిలో అందరూ ఇందిరమ్మ వైపు తిరిగారు.

"డాక్టరమ్మా, ఆ ఊపిరి నాది కాదు. ఆ రాత్రి మిషను కట్టుకునింది మా ఇందిర. నన్ను వసారాలో పండుకోమనింది. పండుకున్నాను గానీ నాకు నిద్ర రాలేదు. లోపల్నుంచి గురక వినిపించింది. ఇరవైయేడేండ్లలో మొదటిసారి విన్నాను. రోజూ నా చప్పుడు కింద ఆమె చప్పుడు ఎవరికి వినిపిస్తాది? గురక ఆగిపోయింది. మళ్ళా వస్తాదేమోనని లెక్క పెట్టినాను. ఇరవై అయింది, ముప్పై అయింది, రాలేదు. భయమేసి పోయి తట్టి లేపినాను. తిట్టింది. తిడితే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది."

ఆయన ఒకసారి భార్య వైపు చూసి మళ్ళీ అన్నాడు.

"రెండేండ్లుగా మాత్ర వేసుకుంటాది. ఆ రాత్రి కూడా వేసుకునింది. నన్ను తాగుబోతని అనుకోండి, ఏమన్నా అనుకోండి. ముందు ఈమెకు వైద్యం చేయండి."

స్వర్ణలత కలం బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, నిజమా?" నవనీత అడిగింది.

ఇందిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు కుప్పంలో ముప్పైమంది మధ్యన ఆయన పడ్డ అవమానం ఎంతటిదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అప్పుడు ఆయన నిద్రలో ఉన్నాడు, ఏమీ తెలియదు. తను మేలుకునే ఉంది. తను చేసింది తెలిసే చేసింది.

"అయితే ముద్దుకృష్ణగారికి పరీక్షే జరగలేదన్నమాట," అంది స్వర్ణలత మెల్లగా.

కమలాక్షి ఇంకా నిలబడే ఉంది. జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో.

"అంటే ఆ పొద్దు ఈ అన్న తాగినాడో లేదో ఈ కాగితం చెప్పదు గదా?"

"చెప్పదు తల్లీ," అన్నాడు ముద్దుకృష్ణ.

"నేను నిన్ను అడగలేదన్నా. వదినను అడుగుతాండాను. వదినా, మేము వస్తామని తెలుసు. నా ముందర చదువుతారని తెలుసు. తెలిసే చేసినావా?"

ఇందిరమ్మ కొంగు నోటి మీది నుంచి తీసింది.

"తెలిసే చేసినాను వదినా. మాయాయన వద్దన్నాడు. నేనే వినలేదు. నా కూతురికి ఇందులో ఏమీ తెలీదు. నన్ను ఏమన్నా అను, ఆ పిల్లను మాత్రం ఏమీ అనొద్దు."

కమలాక్షి కుర్చీ మీది సంచి తీసి భుజానికి తగిలించుకుంది.

"భరతా, లే."

తలుపు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు సగం దాకా పోయి ఆగింది.

భరత్ లేవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. నవనీత అతన్ని చూడటం లేదు. తల్లినే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక ఇందిరమ్మ కళ్ళు దించుకుంది.

"భరతా!" మెట్ల మీది నుంచి రెండోసారి పిలుపు వచ్చింది.

భరత్ లేచి నిలబడ్డాడు.